బుర్మకాన్ భాగం

మా ఆయన చెల్లెలు బుర్మకాన్ ఆకురాలే కాలంలో పోయింది. నాకు ఆమె అంటే పెద్ద ఇష్టం లేదు. మాంసం తిన్న వేళ్లు ఒక్కొక్కటే నాకి, నా బల్లగుడ్డ అడుగున తుడిచేది. ఆమె బట్టలు మా పద్ధతి ప్రకారం చుట్టాలకు పంచేశాం. ఆమె ల్యాప్‌టాప్ మాత్రం ఆమె కూతురు మీరిమ్ ఎవరికీ ఇవ్వనివ్వలేదు. దాన్ని చంకలో పెట్టుకుని బిష్కెక్‌లోని మా ఫ్లాట్‌కు వచ్చేసింది. ఆపిల్ సబ్బు వాసన వేసే పిల్ల. తనకన్నా ముందు ఆ వాసన గదిలోకి వచ్చేది.

చదువుకు అందులో లినక్స్ అనే వేరే సిస్టమ్ కావాలంది. "పాతదంతా తుడిచేసి ఎక్కించుకో," అన్నాను.

"అమ్మ వైపు ముట్టుకోను, అత్తా. ఫోటోలు, గొంతు, అన్నీ అలాగే ఉండాలి. డిస్క్‌ను రెండు భాగాలు చేస్తా. సగం అమ్మది, సగం నాది."

"చచ్చినవాళ్లకి సగం దేనికే? అద్దె కడుతుందా మీ అమ్మ?"

మీరిమ్ నవ్వింది. వంటింటి బల్ల మీదే పని కానిచ్చింది. తెర మీద పొడవాటి పట్టీ, మధ్యలో గీత. నీలం తల్లిది, ఆకుపచ్చ కూతురిది. ఆన్ చేసినప్పుడల్లా ఎవరి వైపు వెళ్లాలో ల్యాప్‌టాప్ అడిగేది.

గురువారం వచ్చింది. పోయినవాళ్ల పేరున నూనె కాచి, బోర్సోక్ పిండిముక్కలు వేయిస్తాం. ఆ వాసనకి ఆత్మ వస్తుందంటారు. ప్రార్థన చదివి, ఎత్తిన అరచేతులు ముఖం మీద తుడుచుకుంటే తిరిగి వెళ్తుందంటారు. నాకు ఆ నమ్మకాలు లేవు, ప్రార్థన చదవడమూ రాదు. వాళ్లమ్మమ్మ పోయినప్పుడు బుర్మకాన్ చదివిన ప్రార్థన రికార్డింగ్ ఉందని మీరిమ్ తల్లి వైపు తెరిచింది.

తన కోసం తానే చదువుకుంటున్న ఆ గొంతు... అరచేతులు ఎత్తి విన్నాం. సగంలో కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. గొంతు తెగిపోయింది.

"అత్తా, ఇంకా అవలేదు."

"దేవుడికి అర్థమవుతుందిలే. చల్లారిపోతాయి, తిను," అని చేతులు దించేశాను. ముఖం తుడుచుకోలేదు.

మర్నాటి నుంచి ల్యాప్‌టాప్‌లోంచి వచ్చే గాలి కంపు కొట్టసాగింది. నిలవున్న గొర్రె తోక కొవ్వు కంపు. మీటలన్నీ జిడ్డు. అడుగు పలక విప్పాను. ఫ్యాన్ రెక్కల నిండా పసుపుపచ్చగా గడ్డకట్టిన కొవ్వు. అందులో చుట్టుకున్న నెరిసిన వెంట్రుకలు... ఓ మూల నమిలి ఉమ్మిన పిండి ముద్ద. వేలికి తడిగా తగిలింది. వెచ్చగా ఉంది. సింక్ దగ్గరికి పరిగెత్తి కక్కుకున్నాను.

"అత్తా," మీరిమ్ గుసగుసలాడింది. "గీత జరిగింది."

చూశాను. ఆకుపచ్చ సన్నబడింది.

"నువ్వే ఏదో నొక్కి ఉంటావు."

"నేను నొక్కలేదు."

గీత రోజూ జరిగేది. మీరిమ్ కూడా చిక్కిపోయింది. పళ్లెం ముందు పెడితే "కడుపు నిండుగా ఉంది" అనేది. నిద్ర లేచేసరికి పెదాలు జిడ్డుగా మెరిసేవి. సబ్బు వాసన పోయింది. దగ్గరికి వెళితే నోట్లోంచి అదే కంపు... పిల్లని ముట్టుకోవడానికే రోత పుట్టింది. ఇలాగే వదిలేస్తే పిల్ల దక్కదనిపించింది.

ఆదివారం పొద్దున, కిటికీ బయట మంచు మీద ఎండ. మీరిమ్ పడుకుని ఉంది. ఆకుపచ్చ గోరంత మిగిలింది. నీలం మీద నొక్కాను. నిజంగా చెరిపేయాలా అని తెర అడిగింది. చెరిపేశాను. పట్టీ మొత్తం ఆకుపచ్చ చేశాను. తీగ పీకి, మూత మూసి, ల్యాప్‌టాప్‌ని అలమారలో పడేశాను.

మీరిమ్ లేచి వచ్చింది. "ఆకలేస్తోంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. మాంసం వేడిచేసి పెట్టాను. ఎముకలు చీకింది. కొవ్వు ముక్క ఒక్కటి వదల్లేదు. పోనీలే, పిల్ల తింటోంది కదా అనుకున్నాను.

తర్వాత వేళ్లు ఒక్కొక్కటే నాకింది. బల్లగుడ్డ అడుగున తుడిచింది.

అరచేతులు రెండూ ఎత్తింది. నన్నే చూస్తూ... అలాగే పట్టుకుంది.

"ఇంకా అవలేదు, వదినా."

అలమారలో ఫ్యాన్ తిరగడం మొదలైంది. తీగ నా ముందు బల్ల మీదే ఉంది. తలుపు సందులోంచి వెచ్చటి గాలి వచ్చింది. ఈసారి కంపు లేదు.

ఆపిల్ సబ్బు వాసన.