రెండు సీసాల ఎర్రనూనె

పొద్దున్నే రత్నమణి ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేసింది. మామగారు జ్ఞానదాసు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కంచం పక్కకు తోశాడే గాని ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం కూడా ఆ ఇంట్లో తిట్టు కిందే లెక్క.

గాజువాకలో ఆ ఇంటి ముందున్న రేకుల పాకే ఆయన మెకానిక్ షెడ్డు. పోర్టులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. ఇంజను దగ్గు వింటే రోగం చెప్పేస్తాడని పేరు. కోపానికీ అంతే పేరు. ఒకప్పుడు కొడుకు శుభాకర్ "బ్రేకు ఒదులుగా ఉంది నాన్నా" అన్నందుకు ఆయన విసిరిన స్పానరు, ఆ కుర్రాడి కనుబొమ్మ చీల్చింది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆయన చేసిన పనిని ఎవరూ కాదనలేదు.

శుభాకర్ ఇప్పుడు సీతమ్మధారలో ఒక షిప్పింగ్ ఏజెంటు గారి డ్రైవరు. అయ్యగారిది ఫారిన్ కారు. దానికి క్లచ్చు ఉండదు, గేర్లు వాటంతటవే మారతాయి. అవి ఆలస్యంగా, వెనక నుంచి ఎవరో తన్నినట్టు మారుతున్నాయని నిన్న షెడ్డుకు తెచ్చాడు. యాక్సిలరేటరు నుంచి గేరుబాక్సుకు వెళ్లే కడ్డీ వంగిందని జ్ఞానదాసు గంటలో కనిపెట్టి సరిచేశాడు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఇంజను ఆపి, గేరుబాక్సులో నూనె కొలిచే పుల్ల తీసి చూశాడు. నూనె గీత దాటి ఉంది. ఎవడో ఎక్కువ పోశాడని తిట్టుకుంటూ, కింద నట్టు వదిలించి రెండు సీసాలంత ఎర్రనూనె క్యానులోకి తీసేశాడు.

ఆ పుల్లను తుడవమని కోడలి చేతికిచ్చాడు. దాని మీద ఇంగ్లీషులో చిన్న అక్షరాలున్నాయి. ఇంజను వేడెక్కి, నడుస్తూ ఉండగానే నూనె చూడాలని. ఇంటర్ చదివిన రత్నమణికి అర్థమైంది. మాట నోటిదాకా వచ్చింది. మామగారి ముఖం చూసి మింగేసింది.

ఇవాళ ఏడింటికే శుభాకర్ కారు తీసుకుని వెళ్లిపోయాడు. అయ్యగారి ముసలి తల్లినీ, ఇద్దరు పిల్లల్నీ సింహాచలం కొండకు తీసుకెళ్లాలి. ఒక పక్క కొండ, ఒక పక్క పల్లం, మధ్యలో మలుపులు. అది తలుచుకుంటూనే ఉప్మాలో ఉప్పు రెండోసారి వేసింది. చెప్తే మామగారు, చెప్పకపోతే మొగుడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మావయ్యా..."

"ఏటి?"

"ఆ కారులో నూనె ఇంజను నడుత్తన్నప్పుడు సూడాలంట. పుల్ల మీద రాసుంది. నాను సదివాను."

జ్ఞానదాసు లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. "ముప్పై ఏళ్లు బళ్ల కింద పడుకున్నోడికి నూనె సూడ్డం నేర్పుతావేటి? ఏ బండికైనా ఇంజను ఆపే సూత్తారు!"

రత్నమణి గోడకు ఆనుకుంది. కన్నీళ్లు కారుతున్నా మాట మాత్రం ఆగలేదు. "ఏ బండికైనా క్లచ్చుంటాది మావయ్యా. దీనికి లేదు కదా."

జ్ఞానదాసుకి అప్పుడు వెలిగింది. నడుస్తున్నంతసేపూ లోపల తిరిగే నూనె, ఇంజను ఆపితే కిందికి దిగుతుంది. అప్పుడు గీత దాటే కనిపిస్తుంది. ఉండాల్సిన నూనెనే ఎక్కువనుకుని తోడేశాడు.

"నూనె సాలకపోతే ఎత్తులో గేరు పట్టదు," అన్నాడు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. "బండి ఎనక్కొచ్చేత్తాది."

అయ్యగారింటికి ఫోన్ చేద్దామంటే ఆ వీధిలో ఉన్న ఒక్క ఫోనూ మూడు రోజులుగా పలకడం లేదు. నిన్న తీసిన నూనె క్యాను ఒళ్లో పెట్టుకుని రత్నమణి మామగారి స్కూటరు వెనకెక్కింది. దారి పొడుగునా "ప్రభువా, ప్రభువా" తప్ప ఆమెకు ఇంకో మాట రాలేదు.

కొండ మొదటి మలుపులో ముందు ఇంజను అరుపు వినిపించింది. తర్వాత కారు కనిపించింది. ఇంజను కేకలు పెడుతోంది, చక్రాలు మాత్రం వెనక్కి జారుతున్నాయి. శుభాకర్ బ్రేకు మీద దాదాపు లేచి నిలబడ్డాడు. లోపల పిల్లలు ఏడుస్తున్నారు. జ్ఞానదాసు స్కూటర్ని అలాగే వదిలేసి, రోడ్డు పక్క బండరాయిని ఎత్తి వెనక చక్రం కింద పెట్టాడు. కారు రాయిని ఆనుకుని ఆగింది. రత్నమణి తలుపు తీసి, ముసలావిడనూ పిల్లల్నీ ఒక్కొక్కరినే దింపింది.

"ఇక్కడికొచ్చాకే తెలిసిందేట్రా?" అన్నాడు జ్ఞానదాసు, రొప్పుతూ.

శుభాకర్ తల దించుకున్నాడు. "లేదు. మన ఈది సివరే తెలిసింది. తొక్కితే కేకెట్టింది గానీ సేనాసేపు కదల్లేదు."

"మరి ఎనక్కి రాలేదేటి?"

"ఎలాగొత్తాను నాన్నా? నువ్వు సేసిన బండి బాలేదని నీకే సెప్పాలి కదా."

"అంటే... సిన్న పిల్లల్నెట్టుకుని కొండెక్కడం కన్నా, నాకు సెప్పడమే ఎక్కువ భయమైందా నీకు?"

శుభాకర్ చెయ్యి కనుబొమ్మ మీది పాత మచ్చను తడిమింది.

ముసలాయన రోడ్డు పక్కనే కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది, తెచ్చింది తనే. కాసేపటికి కళ్లు తుడుచుకుని లేచాడు. కొడుకుని ఇంజను నడుపుతూ ఉండమన్నాడు.

"అమ్మా, నూనె నాను పోత్తాను. పుల్ల నువ్వు సూసి సెప్పు."

ఆయన కొంచెం పోశాడు. రత్నమణి పుల్ల తుడిచి, ముంచి తీసింది.

"సరిపోయిందా అమ్మా?"

"సాల్దు మావయ్యా," అని, అలవాటు కొద్దీ కళ్లు గట్టిగా మూసుకుంది.

ఎవరూ అరవలేదు.

"అలాగేనమ్మా," అని ఆయన క్యాను మళ్లీ వంచాడు.