ఎదుటి పక్షం లాయరు

వచ్చీ రాగానే నా బోర్డు తుడిచేసిందా అమ్మాయి.

అది మామూలు బోర్డు కాదు. మా అభ్యర్థి ఎన్నికల ప్రచారం మొత్తం దాని మీదే నడుస్తోంది. పెద్దాయన ఏ రోజు ఏ వీధి తిరగాలి, ఎక్కడ మైకు పట్టుకోవాలి, ఎవరింట్లో కాఫీ తాగాలి, అన్నీ నేను బుర్ర బద్దలు కొట్టుకుని నీలం ఇంకుతో రాసినవే. అందుకే ఆఫీసులో అందరూ నా పేరు మర్చిపోయి నన్ను 'ప్రోగ్రాం' అని పిలుస్తారు.

"ఏవండీ, ఏవండీ! ఏం చేస్తున్నారు?" అంటూ కుర్చీలోంచి లేచాను.

"మంగళవారం మీ పెద్దాయన మార్కెట్లో ఉండరు, కోర్టులో ఉంటారు," అంది డస్టర్ కింద పెడుతూ. నల్లకోటు చేతి మీద వేసుకుని ఉంది. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు గానీ నోటికి మాత్రం ఆయాసం లేదు. "శుక్రవారం కూడా అంతే."

"అక్కడ ర్యాలీ పెట్టాం. జనానికి చెప్పేశాం కూడా!"

"జడ్జిగారికి చెప్పారా?"

మా ఆఫీసు కింద టైలరింగ్ షాపు. మెట్ల తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది కాబట్టి పైన ఏం మాట్లాడినా కిందికి వినిపిస్తుంది. కుట్టుమిషన్లు ఒక్కసారిగా ఆగాయి, ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పెద్దాయన మీద అవినీతి కేసుంది. పదవిలో ఉన్నప్పుడు ఆసుపత్రికి మంచాలు కొన్న వ్యవహారం. సరిగ్గా నామినేషన్ వేసిన వారమే విచారణ మొదలైంది. వాయిదా ఉన్న ప్రతిరోజూ ముద్దాయి కోర్టులో కూర్చోవాల్సిందే. ఆ రోజుల్లో మా ప్రచారం బండి మనిషి లేకుండా తిరిగేది. పైన దండం పెడుతున్న కటౌటు, లోపల రికార్డు చేసిన గొంతు.

"మనిషేడీ?" అని జనం కిటికీల్లోంచి అడిగేవారు.

"బోనులో ఉన్నాడు!" అని వెనకాలే వస్తున్న ఎదుటి పార్టీ బండి మైకులో జవాబు చెప్పేది.

దానికి విరుగుడుగా 'మచ్చలేని మనిషి' అని పోస్టర్ల మీద వేయించింది నేనే. అబద్ధమెందుకు, నమ్మే రాశాను.

ఆ అమ్మాయి పెద్దాయన లాయరు దగ్గర జూనియర్. రోజూ సాయంత్రం వచ్చి కోర్టు తేదీలు బోర్డు మీద ఎర్ర ఇంకుతో రాసి వెళ్ళేది. మొదట్లో ఆ ఎరుపు చూస్తే నాకు ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత సాయంత్రమైతే చాలు, మెట్ల మీద చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించడం మొదలుపెట్టాను. టీ కూడా ఆమె వచ్చాకే తెప్పించేవాణ్ణి.

"మీ నీలం నా ఎరుపు మీదికి వస్తోంది," అనేది.

"ఇరుకు బోర్డండీ, సర్దుకోవాలి మరి."

"మీరు సర్దుకోరు. మీ మీటింగులు కూడా మీలాగే, ఎక్కడ చోటు దొరికితే అక్కడ చేరిపోతాయి."

చూడ్డానికి తిట్టే. కానీ ఆ రాత్రి నాకు పండగే.

ఒకరోజు గొప్పకి పోయి మా అమ్మ సంగతి చెప్పాను. "మా అమ్మ ఏ పార్టీకీ తిరిగిన మనిషి కాదు. ఈసారి మాత్రం మా వీధిలో ఇంటింటికీ వెళ్ళి పెద్దాయనకి ఓటెయ్యమని అడుగుతోంది. ఎందుకో తెలుసా? నా కొడుకు మంచివాడన్నాడంటే మంచివాడే అని."

ఆమె టీ గ్లాసు కింద పెట్టేసింది.

మర్నాటి నుంచి మొదలయ్యాయి ఎదుటి పక్షం లాయరు గొప్పలు.

"ఇవాళ ప్రాసిక్యూటర్ గారు ఎంత మంచి ప్రశ్న వేశారో! 'మంచాలు కొన్నారు, సంతోషం. అవి ఏ వార్డులో ఉన్నాయి?' అన్నారు. కోర్టంతా నిశ్శబ్దం!"

"ఓహో," అన్నాను.

తర్వాతి వాయిదా రోజు మళ్ళీ అదే పాట. "ఆయన గొంతు పెంచరండీ. మెల్లగా అడుగుతారు. 'మంచాలు దింపిన లారీ నంబరు చెప్పండి చాలు' అన్నారు. సాక్షి నీళ్ళు నమిలాడు."

"ఆయనకి పెళ్ళయిందా?"

"లేదనుకుంటా. ఎందుకు?"

"ఊరికే. జనరల్ నాలెడ్జ్."

ఆ రోజే ఫోన్లో ఆయన ఫొటో వెతికాను. వెతక్కపోయినా బాగుండేది. ఆరడుగుల మనిషి. నేనేమో కుర్చీ ఎక్కితే గానీ బోర్డు పైవరస అందని బాపతు. నవ్వితే బుగ్గ మీద సొట్ట కూడా ఉంది మహానుభావుడికి. లాయరుకి సొట్ట దేనికండీ, ఏ చట్టంలో రాసుంది?

అప్పట్నుంచీ నాకు అన్నం సయించలేదు. ఆమె "ప్రాసి..." అనగానే నాకు కడుపులో మంట లేచేది. పోనీ నేను మాట మారుద్దామంటే, ఎటు తిప్పినా వచ్చి అక్కడే ఆగేది. వర్షం గురించి మాట్లాడితే, "ఆయన వర్షంలో తడుస్తూ కూడా టైముకి వచ్చారు" అనేది.

"మీరూ ఒకసారి కోర్టుకి రండి," అంది ఒక సాయంత్రం. "ఎవరైనా రావచ్చు, వెనక బెంచీల్లో కూర్చుని వినొచ్చు. శుక్రవారం ఆసుపత్రి స్టోర్ కీపర్‌ని ప్రశ్నిస్తారాయన. అది మాత్రం మీరు వినాలి."

"మీ హీరో పెర్ఫార్మెన్స్ చూడ్డానికి నేనెందుకు? మీరు చూస్తున్నారుగా కళ్ళప్పగించి."

ఆమె ముఖం చిన్నబోయింది. "ప్లీజ్, రండి," అని మళ్ళీ అంది. నేను బోర్డు వైపు తిరిగి, రాయడానికేమీ లేకపోయినా ఏదో రాశాను.

ఆమె వెళ్ళాక శుక్రవారం గడిలో ఎర్ర అక్షరాల్ని చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు కోర్టు జరగకపోతే? వాయిదా పడితే ఆమె ఆయన్ని చూడదు. ఆయన గొంతు వినదు. సాయంత్రం నా దగ్గరికొచ్చి ఆయన భజన చెయ్యదు. డస్టర్ తీసి ఎరుపు తుడిచేశాను. అక్కడ నీలంతో 'భారీ ర్యాలీ' అని రాశాను. కుళ్ళు కళ్ళకి గంతలు కడితే మనిషి ఏ గోతిలోనైనా దూకుతాడు.

"ఒక్కరోజు కోర్టు మానేద్దాం సార్. జనం మిమ్మల్ని చూడాలి," అన్నాను పెద్దాయనతో.

ఆయనకి కావలసింది అదే. "ఏదో జ్వరమని చెప్పించండి," అని తన లాయరుకి ఫోన్ కొట్టాడు. పెద్ద లాయరు ఆ పిటిషన్ చదివే పని జూనియర్ నెత్తిన పడేశాడు. ఆ హడావిడిలో ఆమె మా ఆఫీసుకి రాలేదు, ర్యాలీ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం మా ర్యాలీ అదిరిపోయింది. పెద్దాయన బండి టాపు మీదెక్కి డాన్సు కూడా చేశాడు. సరిగ్గా అదే సమయానికి, "మా క్లయింటుకి తీవ్రమైన జ్వరం" అని ఆమె కోర్టులో చదువుతోంది. ప్రాసిక్యూటర్ ఒక్క మాట కూడా అనకుండా ఫోన్లో లైవ్ వస్తున్న ఆ డాన్సు జడ్జిగారికి చూపించాడు. జడ్జి అందరి ముందూ ఆమెని కడిగేశాడు. పెద్దాయన మీద వారెంటు ఇచ్చి, సోమవారం రాకపోతే పోలీసులే తీసుకొస్తారన్నాడు.

సాయంత్రానికల్లా ఎదుటి పార్టీవాళ్ళు ప్రతి సెంటర్లో థర్మామీటర్ బొమ్మ అంటించారు. మా బండి ఎక్కడికెళ్తే అక్కడ జనం, "జ్వరం తగ్గిందా?" అని అడగడమే. ఇంతకాలం కేసు గురించి పట్టించుకోనివాళ్ళు కూడా ఇప్పుడు 'అసలా మంచాల కథేంటి' అని ఆరా తీయడం మొదలుపెట్టారు.

ఆ పూట వాన దంచి కొడుతోంది. చెప్పుల చప్పుడు వినిపించింది. ఈసారి మెట్లు అదిరిపోయేలా.

పైనుంచి కింది దాకా తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడింది. "బోర్డు మీద ఎరుపు ఎవరు తుడిచారు?"

"నేనే."

"ఎందుకు?"

"శుక్రవారం కోర్టు జరగకూడదని."

"అదే, ఎందుకని?"

"నువ్వు ఆయన్ని చూడకూడదని!" అని అరిచేశాను. 'మీరు' ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. "రోజూ వచ్చి ఆయన ఇలా అన్నారు, అలా అన్నారు అంటుంటే నేను మనిషిని కానా? నాకు కాలదా?"

కింద కుట్టుమిషన్లు ఆగిపోయాయి.

ఆమె తడిసిన నల్లకోటు కుర్చీ మీదికి విసిరింది. "నీకసలు బుద్ధుందా?" అంది, ఏడుపూ కోపమూ కలిసిపోయిన గొంతుతో. "నేను పెద్దాయన లాయర్ని. నాకు తెలిసింది ఒక్క ముక్క బయట చెప్పకూడదు. చచ్చినా చెప్పను. కానీ ఎదుటి లాయరు కోర్టులో అందరి ముందూ అడిగింది ఎవరైనా చెప్పుకోవచ్చు. నేను రోజూ చెప్పింది ఆయన అందం గురించా, ఆయన వేసిన ప్రశ్నల గురించా?"

ఏ వార్డులో ఉన్నాయి? ఏ లారీలో వచ్చాయి? ఆమె చెప్పినవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే చెవిలో పడుతున్నాయి. అప్పుడు నాకు వినబడింది 'ఆయన' అన్న మాట ఒక్కటే.

"అంటే... మంచాలు అసలు..."

"నేనేమీ అనలేదు," అంది గబుక్కున.

"మరి అలాంటాయన తరఫున నువ్వెలా నిలబడ్డావు?"

"ఎవరికైనా లాయరంటూ ఉండాలి. సాక్ష్యం సరిగా ఉందో లేదో చూడ్డం నా పని. ఆయన మచ్చలేని మనిషని నేనెప్పుడూ అనలేదు. అది రాసింది నువ్వు." ముఖం మీద నీళ్ళు తుడుచుకుంది. "మీ అమ్మగారు నీ మాట మీద ఇంటింటికీ తిరుగుతున్నారని చెప్పావే, ఆ రోజు నుంచీ నాకు నిద్ర పట్టట్లేదు. చెప్పకూడదు, చెప్పకుండా ఉండలేను. నాకు తోచిన దారి అదొక్కటే. నువ్వేమో దాన్ని కూడా తగలేశావు."

సోమవారం నేను కోర్టు వెనక బెంచీలో కూర్చున్నాను. స్టోర్ కీపర్ బోనెక్కాడు. ప్రాసిక్యూటర్ మెల్లగా, గొంతు పెంచకుండా, "ఆ మంచాల్లో ఒక్కటైనా మీరు కళ్ళారా చూశారా?" అని అడిగాడు. "లేదండీ, సంతకం పెట్టమన్నారు, పెట్టాను," అన్నాడతను తల దించుకుని. ఆ ప్రాసిక్యూటర్ అంటే నాకు ఇప్పటికీ గిట్టదు. కానీ ప్రశ్న మాత్రం గొప్పగా వేశాడు.

ఆఫీసుకెళ్ళి పని మానేస్తున్నానని చెప్పేశాను. మెట్లు దిగుతుంటే ఆమె ఎదురొచ్చింది.

"ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాలి. భయంగా ఉంది," అన్నాను.

"నేనూ వస్తాను. కేసు గురించి మాత్రం నోరు విప్పను."

అమ్మ నా మాటలన్నీ విని మంచం మీద కూలబడింది. "వీధి వీధంతా నీ మాట చెప్పి అడిగానురా. ఇప్పుడు వాళ్ళ ముఖాలు ఎలా చూడను?"

"నేనే వెళ్ళి చెప్తానమ్మా. ప్రతి ఇంటికీ వెళ్ళి, తప్పు చెప్పానని చెప్తాను."

అమ్మ గుమ్మంలో నిలబడిన ఆమె వైపు తిరిగింది. "ఆయన లాయరువి కదమ్మా. వీడు చెప్పేది నిజమేనా?"

"కేసు గురించి నేనేమీ చెప్పకూడదండీ."

అమ్మ చాలాసేపు ఆ ముఖంలోకి చూసింది. "సరే, ఆయన సంగతి వద్దు. వీడి సంగతి చెప్పు. ఇంకోసారి వీణ్ణి నమ్మొచ్చా?"

ఆమె నా వైపు చూసింది.

"ఈయన నా క్లయింటు కాదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను," అంది. "ఒట్టి కుళ్ళుబోతు. ముందు చేసేసి తర్వాత ఆలోచిస్తాడు. కానీ అడిగితే తప్పు దాచుకోవడం చేతకాదు, నిజం కక్కేస్తాడు." చెవులు ఎర్రబడ్డాయి. "నమ్మొచ్చు, అత్తయ్యా."

నాకైతే విన్నది నిజమో కాదో కూడా అర్థం కాలేదు.

అమ్మ లేచి, కాళ్ళకి చెప్పులు తొడుక్కుంటూ నా నెత్తి మీద ఒక్కటి మొట్టింది. "అత్తయ్యా అన్న పిల్లని గుమ్మంలో నిలబెడతావురా, వెధవా? లోపలికి తీసుకొచ్చి మంచినీళ్ళియ్యి. తాగాక ముగ్గురం బయల్దేరదాం, ముందు ఎదురింటికి."