అమ్మగారి సాక్ష్యం

ఆదివారం పొద్దున్నే ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె ఇంకా వేడెక్కలేదు గానీ, తండ్రీకూతుళ్ళు అప్పుడే వేడెక్కారు. పాస్టరుగారు ఆరాధనకు వేసుకెళ్ళే తెల్లచొక్కా తనే ఇస్త్రీ చేసుకోబోతున్నారు. రోజూ అది భార్య పని. ఇవాళెందుకో "మీరే చేసుకోండి" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. యూనివర్సిటీలో తొలినాటి సువార్తల చేతిరాత ప్రతులు చదవడం ఆమె ఉద్యోగం. తల్లి రొమ్ములో గడ్డ. రేపు ఆపరేషన్, ఇవాళ మధ్యాహ్నంలోగా ఆస్పత్రిలో చేరాలి. నాన్న వద్దంటున్నాడని తెలిసి సెలవు పెట్టి పరుగెత్తుకొచ్చింది.

ఆయన వద్దనడానికి కారణం ఉంది. పోయిన ఆదివారం సంఘం అంతా చూస్తుండగా భార్య తలమీద చేతులుంచి ప్రార్థించారు. తర్వాత మైకు ఆమె చేతికిచ్చి సాక్ష్యం చెప్పమన్నారు. "నొప్పి పోయింది" అందామె. హల్లెలూయాలతో హాలు దద్దరిల్లింది. ఇంక ఆస్పత్రి ఎందుకన్నారాయన.

"అమ్మ బట్టలు సర్దేశాను నాన్నా. బయల్దేరదాం."

"స్వస్థత పొందిన మనిషిని కోతకు అప్పగించమంటావా? దేవుడి మొహం మీద తలుపేసినట్టు కాదూ?"

"మళ్ళీ పరీక్ష చేయించావా?"

"మీ అమ్మే నోరు తెరిచి చెప్పింది. ఇంకేం పరీక్ష కావాలి?"

పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఆయన. ఈవిడేమో నాలుగో కాలు ఫోటో తీసి మరీ చూపించే రకం. ఫోన్ తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది.

"రోగుల మీద చేతులుంచితే బాగవుతారన్న మాట పట్టుకునేగా ఇదంతా? అది సువార్తలన్నిటిలోకీ చిన్నదాని చివర్లో ఉంది. బాగా పాత ప్రతుల్లో ఆ చివరి భాగమే లేదు. ఇదిగో చూడు. ప్రభువు సమాధి దగ్గరికెళ్ళిన ఆడవాళ్ళు వణికిపోతూ పారిపోయారు, అక్కడితో సరి. తర్వాత ఖాళీ. మిగతాది తర్వాతివాళ్ళు చేర్చారు. దాన్ని నమ్ముకుని అమ్మ ప్రాణం మీదికి తెస్తున్నావు!"

ఆ ఫోటోతో నాన్న నోరు మూతపడుతుందనుకుంది, పాపం. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నవ్వారు.

"నాకు తెలీదనుకున్నావా? బైబిల్ కాలేజీలో మాకూ చెప్పారమ్మా. మనింట్లో బైబిల్లోనే పేజీ అడుగున చిన్నక్షరాల్లో రాసుంది. అయితే ఏంటంట? భయంతో ఆగిపోయిన కథని అలా వదల్లేక ఎవరో భక్తులు పూర్తిచేశారు. తర్వాత వచ్చినంత మాత్రాన అబద్ధమా? నువ్వూ నా తర్వాతే వచ్చావు. నువ్వు అబద్ధమా?"

కూతురు ఫోన్ దించేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నీతో వాదించి గెలవాలని రాలేదు నాన్నా. నాకు అమ్మ కావాలి" అంది.

అప్పుడు వంటింటి తలుపు దగ్గర్నుంచి అమ్మగారు అడిగింది.

"ఆ ఆడవాళ్ళు మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఆ ప్రతుల్లో అంతేనమ్మా. భయపడి ఎవరితోనూ ఏమీ అనలేదని ఉంది."

ఆమె కుర్చీ లాక్కుని కూలబడింది. చేతిలో తడిగుడ్డని పిండుతూనే ఉంది.

"పోనీలే, వాళ్ళు నోరు మూసుకున్నారు. నేను అబద్ధం చెప్పాను."

"ఏమన్నావ్?" అన్నారు పాస్టరుగారు.

"నొప్పి తగ్గలేదండీ. ఆరోజూ తగ్గలేదు, ఇవాళా తగ్గలేదు. చెయ్యి ఎత్తలేకే చొక్కా మిమ్మల్ని చేసుకోమన్నాను. మైకు చేతిలో పెట్టారు. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. తగ్గలేదంటే ఏమనుకుంటారు? అయ్యగారి ప్రార్థన సొంత పెళ్ళానికే పనిచెయ్యలేదని నవ్వరూ? మిమ్మల్ని ఎవరైనా ఒక్కమాటంటే నేను తట్టుకోలేను."

పాస్టరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. వేలమందికి ధైర్యం చెప్పిన నోరు, ఇంట్లో మనిషికి మాత్రం నిజం చెప్పే చోటు మిగల్చలేదని ఆయనకు అప్పుడు తెలిసింది. భార్య కాళ్ళ దగ్గర నేలమీదే కూర్చుండిపోయి భోరుమన్నారు.

"నిన్ను అడగాల్సింది ఇంట్లో. నేను మైకులో అడిగానే" అన్నారు.

"ఊరుకోండి. పిల్ల చూస్తోంది" అంది ఆమె, తనూ ఏడుస్తూ.

ఆయన కళ్ళు తుడుచుకుని సంఘపెద్దకు ఫోన్ చేశారు. "ఇవాళ ఆరాధన మీరు జరిపించండి. అమ్మగారికి నొప్పి తగ్గలేదు, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. ఆ మాట దాచకండి, అందరి ముందూ చెప్పండి. ఆవిడ చేత అలా చెప్పించింది నేనేనని కూడా చెప్పండి." అవతల ఏదో నచ్చజెప్పబోయారు. "లేదండీ, చెప్పాల్సిందే" అని పెట్టేశారు. కూతురు గబగబా వెళ్ళి సంచీ తెచ్చింది. ఇస్త్రీ కాని చొక్కాతోనే ఆయన బయల్దేరారు.

కారు ఎక్కుతుంటే అమ్మగారు అలవాటుగా పెదవి కొరుక్కుంది.

"బిగబట్టకు" అన్నారాయన. "నొప్పిగా ఉంటే ఉందను. నాకు చెప్పు."

ఆమె ఆయన మొహంలోకి ఒక్క క్షణం అనుమానంగా చూసింది. తర్వాత, "అమ్మో, చాలా నొప్పిగా ఉందండీ!" అని వీధంతా వినబడేట్టు ఏడ్చింది.