అలసందలు ఉడికేదాకా

గోడగూడు మూడోసారి పిలిచింది. "పినాకిని గారికి పోషణ సిద్ధంగా ఉంది. దయచేసి స్వీకరించండి."

"స్వీకరించదులే," అంది వకుళ, చేతిలో గరిటె కిందపెట్టకుండానే.

ఆ మంగళవారం సాయంత్రం ప్రొద్దుటూరు మొత్తంలో వంటకని పొయ్యి వెలిగిన ఇల్లు బహుశా అదొక్కటే. మణికట్టుకు అంటుకుని ఉండే క్షుద్గ్రాహిని జనం ఆకలిబిళ్ళ అంటారు. కడుపు ఖాళీ కాబోతోందని అది గంట ముందే పసిగట్టి గోడగూటికి కబురు పెడుతుంది. ఆ మనిషికి ఎంత కావాలో అంత మెత్తని ముద్ద గూట్లోకి వచ్చి కూర్చుంటుంది. అలా ముప్పై ఏళ్ళుగా ఎవరికీ ఆకలి వేయలేదు. కరువులు చూసిన సీమ అది. పెద్దవాళ్ళు ఆ గూటికి పసుపు కుంకుమ పెట్టారంటే పెట్టరా మరి!

వకుళకూ దాని మీద కోపం లేదు. కానీ పినాకినికి తొమ్మిదేళ్ళు వచ్చాయి. ఇంతవరకు ఒక్కసారైనా తల్లి దగ్గరికొచ్చి తినడానికి పెట్టమని అడగలేదు. అడిగే అవసరమేముంది? ఆ ఒక్క మాట వినాలని వకుళ మొండికేసింది. మిద్దెతోటకు విత్తనాలని చెప్పి అలసందలు తెచ్చింది. పొద్దున్నే నానబోసి, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు వేయించి పక్కన పెట్టి, నీళ్ళు కాచుకునే పొయ్యి మీద గిన్నె ఎక్కించింది. ఎన్నడూ వండిన చెయ్యి కాదు కదా, చింతపండు పులుసు కూడా మొదట్లోనే పోసేసింది. గంట దాటినా గింజలు గులకరాళ్ళలాగే ఉన్నాయి.

పినాకిని పొట్ట పట్టుకుని వచ్చింది. "మా, కడుపులో ఎవరో గీకుతాండారు."

తలుపు దగ్గర నిలబడ్డ తండ్రి ఓబులేసు, వకుళ మీద మండిపడ్డాడు. "మా అవ్వ గంజి కోసం గిన్నె పట్టుకోని ఎండలో నిలబడింది, తెలుసా? ఆ ఇంటి బిడ్డను నువ్వు పస్తు పెడ్తాండావు!"

"పస్తు కాదు. కూర పొయ్యి మీదుంది. దానికోసం కాచుకోడం పస్తు ఎట్లయితాది?"

ఓబులేసు పిల్ల వైపు తిరిగాడు. "పాపా, నువ్వే చెప్పు. గూట్లో ముద్ద ఉంది. తింటావా?"

వకుళ గరిటె తిప్పడం ఆపేసింది. పిల్ల గూటి వైపు చూసింది. తాలింపు వాసన వస్తున్న వైపు చూసింది.

"నాకు అదే కావాల," అంది గిన్నె చూపించి.

ఓబులేసు పొయ్యి దగ్గరికొచ్చాడు. ఒక గింజ నలిపి చూశాడు. "పులుసు అప్పుడే పోసినావా? అవ్వ ఎప్పుడూ ఆఖర్న పోసేది. పులుపు తగిల్తే గింజ మెత్తబడదు."

కోపం తగ్గలేదు గానీ, ఆ నీళ్ళు వంచేసి కొత్తనీళ్ళు పోసింది అతనే.

ఏడున్నరకు గూడు హెచ్చరించింది. ఆలస్యం ఆరోగ్యానికి హానికరమంది. వకుళ దాని మీద తడిగుడ్డ ఆరేసింది.

ఎనిమిదింటికి అలసందలు ఉడికాయి. పులుసు పోసి, తాలింపు కలిపి, గిన్నెలో పెట్టింది. పినాకిని కారానికి ముక్కు చీదుతూ, నాలుక బయటపెట్టి ఊదుకుంటూ, గిన్నె అడుగు దాకా నాకేసింది.

"మా, ఇంకొంచెం పెట్టు."

వకుళకు కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. దాచుకోలేదు. గరిటెడు తీసి పెట్టింది.

గుడ్డ కింది నుంచి గూడు పలికింది. "పినాకిని గారి అవసరం తీరింది. అదనపు ఆహారం అనవసరం. రేపటి పోషణ వేళలు ఖరారు చేయమంటారా?"

"వద్దు," అంది పిల్ల, నోరు నిండా కూరతో. "రేపు గూడా మాకు ఆకలి కావాల."

  ఓబులేసు లేచి, డబ్బాలో మిగిలిన అలసందలు వేరే గిన్నెలో పోసి, మునిగేదాకా నీళ్ళు పట్టాడు.