ఎఫీ గోడ పక్కన నిలిపిన విమానం

మా స్కర్వా దీవిలో, గడ్డి రన్‌వేకి పడమటి కొసన ఒక మొండిగోడల ఇల్లుంది. ఎఫీ ఇల్లు. చీకటి పడ్డాక దాని పక్కన విమానం ఉంచకూడదంటారు. ఉంచితే... తెల్లారేసరికి అది ఉంచినట్టు ఉండదు.

ముక్కు సముద్రం వైపు పెట్టి వెళ్తే, పొద్దున్నకి కొండ వైపు తిరిగి ఉంటుంది. తాళ్ళుంటాయి. కానీ ఆ ముడి మీరు వేసిన ముడి కాదు.

వేసవిలో సరదాకి దీవి దీవికీ ఎగురుకుంటూ తిరిగేవాళ్ళు ఈ మాట ఊరూరా మోశారు. "స్కర్వాలో టీ బాగుంటుంది, సీల్ జంతువుల్ని చూడొచ్చు, కానీ రాత్రి ఉండకండి, ఎఫీ ఊరుకోదు" అని.

వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. దెయ్యమట! ఆ రన్‌వే ఆకాశం నుంచి ఊడిపడిందనుకున్నారా? ఈ దీవి యజమాని లండన్‌లో కూర్చుని, ఇక్కడ గొర్రెలు తప్ప ఇంకేమీ దిగడానికి వీల్లేదన్నాడు. జబ్బు చేసినవాళ్ళు పడవ కోసం చూస్తూ చూస్తూ పోతుంటే, మేం కోర్టుల చుట్టూ తిరిగాం, వానలో అడ్డంగా కూర్చున్నాం, చివరికి నేల గెలుచుకున్నాం. గెలిచాక రాళ్ళు ఏరాం. మిషన్లు లేవు. చేతులే. ఎఫీ తన ఏప్రన్ నిండా రాళ్ళు మోసి తన ఇంటి పక్కన గుట్ట పోసింది. ఆ గుట్టే గోడయింది. అలాంటి మనిషిని పట్టుకుని దెయ్యమంటే నేనెలా ఊరుకుంటాను?

అయితే ఒక మాట నిజం. బతికుండగా ఎఫీకి ఆ పిచ్చి ఉండేది. ఆమె మొగుడు ఒకసారి తన పడవని వెనక భాగం గాలికి పెట్టి ఒడ్డుకి లాగాడు. గాలి పడవని లేపి ఆయన మీదే వేసింది. అప్పట్నుంచీ గాలికి వీపు పెట్టి ఏది నిలబడ్డా ఎఫీ చూడలేకపోయేది. విమానం కూడా అంతే. ముక్కు గాలికి ఉంటే గాలి పక్కలనుంచి జారిపోతుంది. తోక గాలికి ఉంటే ఎత్తి తిరగేస్తుంది.

సాయంత్రం గొణుక్కుంటూ వచ్చేది. తోక పట్టుకుని లేపి, తోపుడు బండి తిప్పినట్టు తిప్పేసేది. గోడలో చిల్లులున్న రాళ్ళకి తాళ్ళు తెచ్చి పడవవాళ్ళ ముడి వేసేది. తాడుకీ రెక్క కింది కమ్మీకీ మధ్య గొర్రె బొచ్చు కుక్కేది, రాపిడికి కోసుకుపోకుండా.

విమానం ఉన్నవాళ్ళకి తమ విమానాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఒప్పదు. "నిన్నెవరు ముట్టుకోమన్నారమ్మా?" అని అరిచేవాళ్ళు.

"రాత్రికి గాలి ముట్టుకుంటుంది. దాన్ని అడుగు" అనేది ఎఫీ.

ఎఫీ పోయింది. విమానాలు తిరగడం మాత్రం ఆగలేదు.

ఇక గిల్‌క్రిస్ట్ సంగతి. ఇన్వర్నెస్‌లో పళ్ళ డాక్టరుగా చేసి మానేశాడు. అక్టోబర్‌లో ఒకరోజు ఎర్ర రెక్కల చిన్న విమానంలో దిగాడు. గుడ్డ రెక్కలు. చెక్కతో, గుడ్డతో, జిగురుతో తన షెడ్డులో ఏళ్ళ తరబడి స్వయంగా కట్టుకున్నాడు. టీ తాగేలోపు మబ్బు కమ్మేసింది. ఇక వెళ్ళడానికి లేదు.

"ఎక్కడ ఉంచావు?" అన్నాను.

"ఆ మొండిగోడ పక్కన. చాటుగా ఉంది."

"ముక్కు ఎటు?"

"నైరుతికి. రేపటిదాకా గాలి నైరుతే అని రేడియోలో అన్నారు, డోలీనా గారూ."

"రేడియో స్కర్వాలో పుట్టలేదు. చీకటి పడ్డాక ఇక్కడ గాలి ఉత్తరానికి తిరుగుతుంది. తిప్పి పెట్టుకో."

నవ్వాడు. "నేను తిప్పడమెందుకు, మీ ఎఫీ తిప్పుతుందిగా?" తర్వాత నవ్వు ఆపి చేతులు చూపించాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "ఈ చేతులతో ఇంకోటి కట్టలేనమ్మా. ఉన్నది అదొక్కటే. దాన్ని ఎవరో ముట్టుకుని ఆటలాడతారంటే నేను పడుకోలేను. ఇవాళ అందులోనే కూర్చుంటా. ఎవడొస్తాడో చూస్తా."

కంబళీ, ఫ్లాస్కూ పట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను టోర్మోద్‌తో పేకాటకి కూర్చున్నాను. టోర్మోద్ ఎఫీకి మేనల్లుడు, ఆవులు కాస్తాడు. ఆ సాయంత్రం వానకి తడిసి, పరుగున వచ్చి, పొయ్యి ముందు కూలబడ్డాడు. కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు, గెలుస్తున్నాడు మరి.

ఇక్కణ్ణుంచి గిల్‌క్రిస్ట్ చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

విమానంలో కూర్చున్నాడు. చీకటి. వాన రెక్కల మీద టపటపా పడుతోంది. కాసేపటికి వాన ఆగింది. ఏ చప్పుడూ లేదు... అప్పుడు వినపడింది.

ఊపిరి.

పెద్ద ఊపిరి. తోక దగ్గర్నుంచి. ఒకసారి లోపలికి... ఒకసారి బయటికి.

"ఎవరది?" అన్నాడు.

జవాబుగా విమానం ఊగింది. మెల్లగా... ఉయ్యాల ఊపినట్టు. తర్వాత గుడ్డని గరుకు చెయ్యి ఒకటి నిమురుతున్న చప్పుడు. సర్ర్... సర్ర్... తోక నుంచి రెక్క దాకా... రెక్క నుంచి తలుపు దాకా... దగ్గరికి వస్తోంది.

"ఎఫీ గారూ," అన్నాడు పళ్ళ డాక్టరు, రెండు చేతులూ జోడించి, "తిప్పుకోండి. మీ ఇష్టం. తిప్పేసుకోండి."

చప్పుడు ఆగింది. అద్దానికి ఆనుకుని ఒక ముఖం... తెల్లగా, పొడుగ్గా... కళ్ళు రెండు పక్కలకీ... అద్దం మీద వేడి ఆవిరి వదిలింది.

రెండో తలుపులోంచి దూకాడు. ఒక బూటు అక్కడే ఉండిపోయింది.

నా తలుపు తోసుకుని వచ్చేసరికి సున్నం కొట్టినట్టున్నాడు. విస్కీ పోశాను. ముఖం గురించి చెప్పాడు, ఊపిరి గురించి చెప్పాడు. ఆ గరుకు చెయ్యి మాట వచ్చేసరికి టోర్మోద్ పేకముక్కలు కింద పెట్టి నా వంక చూశాడు.

"పిన్నీ... నేను దొడ్డి గేటు వేశానా?"

"నన్నడుగుతావేంట్రా?"

"బ్లారాగ్ బయటికొచ్చినట్టుంది."

బ్లారాగ్ వాడి ఆవు. నల్లటి ఒళ్ళు, తెల్లటి ముఖం. గుడ్డ రెక్కల మీద పూసే రంగంటే ఆవులకి మిఠాయిలాంటిది. నాకుతాయి, నమిలేస్తాయి. పల్లెల్లో దిగేవాళ్ళందరికీ తెలుసు, ఆవులున్న చోట గుడ్డ విమానం వదలకూడదని.

నేను పడీపడీ నవ్వాను. "ఏమయ్యా, జీవితమంతా నోళ్ళు తెరిపించి చూశావు, ఆవు పళ్ళు గుర్తుపట్టలేకపోయావా?"

గిల్‌క్రిస్ట్ నవ్వలేదు. "నమిలేస్తుందా? నా విమానాన్నా?" అని లేచాడు.

సరిగ్గా అప్పుడే పొయ్యిలో పొగ వెనక్కి తిరిగి వంటింటి నిండా కమ్మేసింది. మా ఇంట్లో అలా జరిగేది ఉత్తరం గాలికి ఒక్కదానికే. పైకప్పు మీద పెంకులు కటకటలాడాయి. నా నవ్వు ఆగిపోయింది.

"తోక ఉత్తరానికుంది," అన్నాడు గిల్‌క్రిస్ట్. గుసగుసగా. "నేను తిప్పలేదు."

టార్చిలు పట్టుకుని ముగ్గురం పరుగెత్తాం. నా వయసులో పరుగంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మళ్ళీ వాన మొదలైంది. గాలి మమ్మల్ని వెనక్కి తోస్తోంది. గిల్‌క్రిస్ట్ ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో ముందు పడుతూ లేస్తూ పోతున్నాడు. తిరగబడి, రెక్కలు విరిగి, ఆ రాళ్ళ గోడకి గుద్దుకుని ముక్కలైన విమానాన్ని చూడబోతున్నానని నేను మనసులో సిద్ధపడిపోయాను. గిల్‌క్రిస్ట్‌తో ఏం మాట్లాడాలో కూడా వెతుక్కున్నాను.

టార్చి వెలుగులో మొదట బ్లారాగ్ కనిపించింది. గోడ చాటున నిలబడి, ఎర్రగుడ్డ పేలిక ఒకటి తాంబూలంలా నములుతోంది. తోక చివర జానెడు గుడ్డ పోయింది. అంతే నష్టం.

విమానం నిలబడే ఉంది. కదలకుండా... హాయిగా.

ముక్కు ఉత్తరానికి.

ముగ్గురం దాని చుట్టూ తిరిగి చూశాం.

"గాలే తిప్పి ఉంటుంది," అన్నాడు గిల్‌క్రిస్ట్ చివరికి. "తేలికది కదా... తాళ్ళు తెగి..."

"తాళ్ళు కూడా గాలే కట్టిందా?" అన్నాను.

ఎందుకంటే కట్టి ఉంది. గిల్‌క్రిస్ట్ నేలలో కొట్టిన ఇనుప మేకులు పీకి, గోడ మీద పక్కపక్కనే పెట్టి ఉన్నాయి, కడిగిన చెంచాల్లాగా. తాళ్ళు చిల్లు రాళ్ళకి. పడవవాళ్ళ ముడి.

నాకు కోపం తన్నుకొచ్చింది. టోర్మోద్ చొక్కా పట్టుకున్నాను. "ఒరేయ్, ఇన్నాళ్ళూ ఇది నీ పనేనని నాకు అనుమానమే. చెప్పు!"

"నేనే పిన్నీ," అన్నాడు. "అత్త పోయేముందు నా చేత మాట తీసుకుంది. ముడి నేర్పింది. ఇన్నాళ్ళూ నేనే తిప్పాను. చెబితే విమానంవాళ్ళు తంతారని చెప్పలేదు."

"మరింకేం? సరిపోయింది."

"సరిపోలేదు పిన్నీ." గొంతు ఇంకా తగ్గించాడు. "ఇవాళ ఈయన లోపల కూర్చున్నాడుగా... అందుకని రాలేదు. చీకటి పడ్డప్పట్నుంచీ నీ వంటింట్లోనే ఉన్నాను. నీ ఎదురుగానే."

నిజమే. నా ఎదురుగానే ఉన్నాడు. నన్ను ఓడిస్తూ.

గిల్‌క్రిస్ట్ వంగి టార్చి వేశాడు. తాడుకీ కమ్మీకీ మధ్య ఏదో తెల్లగా ఉంది. గొర్రె బొచ్చు, గట్టిగా కుక్కి ఉంది.

"నేనెప్పుడూ బొచ్చు పెట్టలేదు," అన్నాడు టోర్మోద్. "మర్చిపోతాను. అత్త దానికే తిట్టేది."

నేను వేలితో తాకాను. ఆవు తడిసింది, గోడ తడిసింది, తాడు పిండితే నీళ్ళు కారుతున్నాయి.

బొచ్చు పొడిగా ఉంది. అప్పుడే ఎవరో ఏప్రన్ జేబులోంచి తీసినట్టు... వెచ్చగా.

గోడ చాటున బ్లారాగ్ ఇంకా నములుతూనే ఉంది.

గిల్‌క్రిస్ట్ ఇప్పటికీ వస్తాడు. తోకకి కొత్త గుడ్డ వేశాడు. వచ్చినప్పుడల్లా ఎఫీ గోడ పక్కనే ఉంచుతాడు. ముక్కు ఎటుందో చూడడు, తాళ్ళు తీయడు, మేకులు అసలు తెచ్చుకోడు. నేరుగా నా వంటింటికొచ్చి టీ పెట్టమంటాడు.

"కట్టావా?" అని అరుస్తాను. "గాలి చూశావా? బుద్ధుందా నీకు?"

"ఎందుకమ్మా," అంటాడు, వణికే చేతుల్తో కప్పు పట్టుకుని. "ఆవిడ ఊరుకుంటుందా?"