ఒకే చెంబులో పాలు

"నేను మాత్రలు మింగలేదు మేడమ్." కుర్చీలో కూర్చోగానే కాత్యాయని అన్న మొదటి మాట అది.

ఛాయాదేవి తల ఊపింది. ప్రైవేటు డిటెక్టివ్‌గా ఆమె ఇన్నేళ్ళలో చూసిన వాళ్ళంతా ఏదో ఒకటి చేయలేదనే మొదలుపెట్టారు. వాళ్ళలో సగంమంది చేసినవాళ్ళే. బెంగళూరు జయనగర్‌లోని ఆ గదిలో ఫ్యాను కూడా ఆమెలాగే ఓపిక తగ్గి తిరుగుతోంది. అసిస్టెంటు శామ్యూల్ మాత్రం పెన్ను తెరిచి, మేడమ్ ఇప్పుడే దొంగను పట్టేస్తుందన్నట్టు చూస్తున్నాడు.

అది 2005. కాత్యాయని బొమ్మనహళ్ళిలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పోయిన వారం పొద్దున్నే స్కూటరు మీద పనికి పోతూ కునుకు పట్టి డివైడరును గుద్దింది. వెనక కూర్చున్న, తనతో పనిచేసే సమీనాకు కాలు విరిగింది. ఆసుపత్రిలో కాత్యాయని రక్తం పరీక్ష చేస్తే నిద్రమాత్ర మందు బయటపడింది. సోమవారం ఫ్యాక్టరీలో విచారణ.

"మత్తుకు అలవాటు పడిందంటా ఉండారు," అందామె. "ఆ పేరుతో బయటికి పంపిస్తే ఇంక యా ఫ్యాక్టరీలోనూ గేటు లోపలికి రానీరు. నా బతుకంతా ఆ మిషన్ల మీదనే గడిచినాది."

"ఇంట్లో నిద్రమాత్రలు ఉన్నాయా?"

"మా ఆయనకు డాక్టరు రాసిచ్చినాడు. బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటాది. స్నానానికి పోయినా తీయడు."

ఆ సాయంత్రమే ఛాయాదేవి, శామ్యూల్ కాత్యాయని ఇంటికి వెళ్ళారు. కాత్యాయని పొడవుగా, దిట్టంగా ఉంటుంది. భర్త మునిరాజు ఆమె భుజం దాకా వస్తాడు, బక్కపలచటి మనిషి. చందాపుర దగ్గర ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టుకు తెల్లవారకముందే బస్సెక్కుతాడు. గోడ పక్కన కుట్టుమిషను ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక కాత్యాయని దాని మీద జాకెట్లు కుడుతుందట. ఈమధ్య ఎందుకో తొందరగా నిద్ర ముంచుకొస్తోందని, కుట్టడం కుదరడం లేదని చెప్పింది.

"ముందురోజు సాయంత్రం ఏమేం తాగారు?" అడిగింది ఛాయాదేవి.

"ఫ్యాక్టరీలో టీ. అందరికీ ఒకే డ్రమ్ములోది. ఇంటికొచ్చినాక పక్కింటి పద్మక్క కషాయం ఇచ్చినాది, ఆమె కూడా తాగినాది. అన్నం తిన్నాక పాలు."

"పాలు ఎవరు కలిపారు?"

"నేనే," అన్నాడు మునిరాజు. "మా కులంలో పెండ్లి నాడు ఒకే చెంబులో పాలు ఇద్దరికీ సగం సగం పోస్తారు. మా అమ్మ, నాయన ముసలోళ్ళయినా అట్లే తాగిరి. మేమూ అంతే. నేను తాగిందే ఆమె తాగినాది. పొద్దున లేచి బస్సెక్కి డ్యూటీకి పోయినా గదా. పాలలో ఏముంటాదప్పా?"

వీధిలోకి వచ్చాక శామ్యూల్ నిట్టూర్చాడు. "పాలు క్లీన్ మేడమ్. హస్బెండ్ పర్ఫెక్ట్‌గా ఉన్నాడు కదా. కషాయం ఆవిడ మీదే నాకు డౌట్."

"ఆవిడా అదే కషాయం తాగింది."

"అవును కదా. మరి?"

"కాళ్ళు లాగుతున్నాయి, ఆటో పిలువు," అంది ఛాయాదేవి.

ఆదివారం మధ్యాహ్నం కాత్యాయని ఇంటి ముందుగదిలో అందరినీ కూర్చోబెట్టింది. ఫ్యాక్టరీ తరఫున మేనేజరు రియాజ్ వచ్చాడు. కషాయం మాట తన మీదికి వస్తుందేమోనని పద్మావతి ముందుగానే కొంగు బిగించి కూర్చుంది.

"టీలో మందుంటే ఆ లైనులో ఆడవాళ్ళంతా మిషన్ల మీద పడి నిద్రపోవాలి," మొదలుపెట్టింది ఛాయాదేవి. "కషాయంలో ఉంటే పద్మావతిగారు కూడా మర్నాడు తూలాలి. ఆమె పొద్దున్నే కుళాయి దగ్గర ఇద్దరితో గొడవపడింది. ఇక మిగిలింది పాలు."

"ఆయన కూడా తాగాడు కదా," అన్నాడు రియాజ్.

"అందరం అక్కడే ఆగిపోయాం. మందు ఒంట్లోకి పోయాక దాన్ని విడగొట్టి బయటికి పంపే పని ముఖ్యంగా కాలేయానిది. మగవాళ్ళలో, ఆడవాళ్ళలో ఆ పని ఒకే వేగంతో జరగదు. కొన్ని మందులు వీళ్ళలో నిదానం, కొన్ని వాళ్ళలో. మునిరాజు వాడే మాత్ర ఆడవాళ్ళ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుందని దాన్ని రాసిచ్చిన డాక్టరే చెప్పాడు. మనిషి బరువు ఒక్కటే లెక్క అయితే బక్కగా ఉన్న ఈయనే ముందు పడిపోవాలి. అసలు నాకు ముందే తట్టి ఉండాల్సింది. మా ఆయన అదే మాత్ర మింగి పొద్దున వాకింగుకు పోయేవాడు, నేను మధ్యాహ్నం దాకా గోడ పట్టుకుని నడిచేదాన్ని."

శామ్యూల్ నోరు తెరుచుకుని వింటున్నాడు.

"పాలు తాగి పొద్దున బాగున్నాడన్నది ఒక్కటే మునిరాజును కాపాడింది. అది పోయాక మిగిలింది బీరువా తాళంచెవి. అది ఎవరి మొలతాడుకుంది?"

మునిరాజు చెయ్యి నడుము దగ్గరికి పోయి ఆగింది.

"రెండు మాత్రలు నూరి చెంబులో వేస్తా ఉంటి," అన్నాడు చివరికి. "నాకొకటి, ఆమెకొకటి. ఆ మిషను చప్పుడుకు మాత్ర మింగినా నాకు నిద్ర పట్టదప్పా. మూడు గంటలకు లేయాల. నాకు సరిపోయింది ఆమెకూ సరిపోతాదనుకున్నా. చెడుపు చెయ్యాలనుకోలేదు."

"పడిన రోజే ఎందుకు చెప్పలేదు?" అడిగాడు రియాజ్.

"భయపడితిని."

ఛాయాదేవికి అతని మీద కోపం వచ్చింది, జాలీ వచ్చింది. రెండూ మోయడానికి ఆ రోజు ఓపిక లేదు. రియాజ్ గొంతు సవరించుకుని, ఈ మాటే పోలీసుల దగ్గర చెబితే విచారణ ఎత్తేయిస్తానన్నాడు. భర్త స్టేషనుకు పోతేనే భార్య పని నిలుస్తుందని అందరికీ అర్థమైంది.

మునిరాజు భార్య వైపు చూశాడు. వద్దంటుందేమోనని ఆశగా చూశాడు.

"చొక్కా మార్చుకో," అంది కాత్యాయని. "సమీనా మంచంలో పడి ఉండాది. ఆమె ముందర కూడా చెప్పల్ల."

"కాత్యా..."

"చప్పుడు ఆపమని ఒక్క మాట అడిగింటే ఆపుతా ఉంటిని గదా. ఊరికే గలాటా ఎందుకని అడగకపోతివి. నేను పాలు రుచిగా ఉండాయని, నువ్వు ప్రేమగా కలిపినావని తాగితిని."

అతను లోపలికి వెళ్ళాడు. కాత్యాయని లేచి పద్మావతి దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, వారాలుగా నిద్ర లేనట్టు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, మీ ఇంట్లో కొంచెం సేపు పండుకుంటా," అంది. "తాగేకి ఏమీ ఇయ్యద్దు."