పోచమ్మ కనుపాపలో నిలబడ్డవాడు

అమావాస్య... అసురసంధ్య వేళ!

పడమటి దిక్కు నెత్తురు పులుముకున్నట్టు ఎర్రబడింది. ఫ్యాక్టరీల పొగల మీదుగా కారుమేఘాలు ఉరుముతూ బీరంగూడను కమ్ముకొస్తున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీద వాలిన గుడ్లగూబ ఒకటి వికృతంగా కూసింది... జిరాక్స్ షాపు పైగదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న వెంకటేశానికి అదేదీ చెవికెక్కలేదు. అతని ప్రాణమంతా రెండు కనుపాపల్లో చిక్కుకుని ఉంది.

బోనాల పాటల వీసీడీ కోసం అతను పోచమ్మ తల్లి త్రీడీ బొమ్మ చేస్తున్నాడు. తేజోమయమైన ముఖం, విశాల నేత్రాలు, రౌద్రం, కరుణ... అన్నీ కుదిరాయి. కుదరనిదల్లా ఆ కళ్ళలోని నీడ! రెండర్ పెట్టిన ప్రతిసారీ కంప్యూటర్ గంటల తరబడి మూలిగి మూలిగి బొమ్మను బయటికి తెస్తుంది. తీరా చూస్తే కనుపాపల్లో ఎవడో నిలబడి ఉంటాడు. బొమ్మ చుట్టూ పెట్టిన దీపాలు తీసేశాడు. కళ్ళ మెరుపును సున్నాకు దించాడు. గోడలూ ఆకాశమూ చెరిపేసి తల్లిని శూన్యంలో నిలబెట్టాడు. ఏమీ లేనిచోట ఏం ప్రతిబింబిస్తుంది చెప్పండి? అయినా వాడు కదల్లేదు. చేసిన చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరైంది. వెంకటేశానికి ఏడుపొక్కటే తక్కువ.

"ఏందయ్యా, ఇంకెన్ని దినాలు?" అని యజమాని నరసరాజు ఫోనులో విసుక్కున్నాడు. "తల్లి కంట్ల మొగోడు నిలవడితె జనం మనల ఊకుంటరా? జల్దీ తీసెయ్."

తీసెయ్యడమే తెలిస్తే ఇన్ని తిప్పలెందుకు? లోపం ఎక్కడుందో మాత్రం అతనికి అప్పుడు తట్టింది. ఆ కళ్ళు అతని భార్య సువర్ణవి. ఇంద్రేశంలో తమ ఇంటి గుమ్మంలో ఆమెను నిలబెట్టి, ఫోటో తీసి, ఆ కళ్ళనే బొమ్మకు అతికించాడు. ఫోటోలో ఉన్న నీడ దీపాలార్పితే పోతుందా!

"బతికున్న మనిషి కండ్లు తల్లికి పెడ్తరా కొడుకా?" అని అమ్మ మొగులమ్మ ఆనాడే తిట్టింది. "మీ నాయిన ఎన్ని గుళ్ళల్ల అమ్మకు కండ్లు రాసిండు. ఆఖర్ల బొట్టు పెట్టి, పెట్టంగనె అద్దం సూపెటోడు. బొట్టు వడితె తల్లి సూస్తది. మొదటి సూపు మనిషి మీద వడొద్దు." కంప్యూటర్‌కు ఇవన్నీ ఉండవని వెంకటేశం నవ్వేశాడు. నవ్వాడే గానీ బొట్టు మాత్రం ఇంకా పెట్టలేదు.

అతను కనుపాపను పెద్దది చేసి చూశాడు. నీడ ఈసారి స్పష్టంగా ఉంది. ఫోటో తీసింది తనే గనక ఆ నీడా తనదే అనుకున్నాడు ముందు. కాదు... మెడలో గవ్వల దండ, చేతిలో కపాలం!

మందుల పెంటయ్య!

ఖాళీ ప్లాట్లలో పాకేసుకుని ఆకుమందులమ్మేవాడు. ఫోటో తీసిన రోజు మంచినీళ్ళడిగి ఇంటికొచ్చి, అతని వెనక నిలబడినవాడు. ఆనాటి నుంచే సువర్ణకు చూపు మసకబారింది. ఆకుపసరు పోస్తానని మళ్ళీ వాడే ఇంటికి రాసాగాడు. దొంగ చేతికే తాళాలిచ్చానని వెంకటేశానికి ఒళ్ళు మండిపోయింది. నీడను చెరిపెయ్యాలని కుడి కనుపాప మీద రుద్దాడు. మరుక్షణం ఫోను మోగింది. అవతల సువర్ణ ఆర్తనాదం!

"కుడికన్ను పోయిందయ్యా... అంత చీకటే..."

అతని చెయ్యి ఆగిపోయింది. అప్పుడు స్పీకర్లలోంచి బొంగురు నవ్వొకటి వినబడింది...

"ఎందుకు రుద్దుతవ్ బిడ్డా? నువ్వు తుడిసేది నన్ను గాదు, నీ పెండ్లాం సూపును. ఇయ్యాల చీకటి వడెటాళ్ళకు ఆమె సూపంత ఈ పుర్రెల వడ్తది. ఇగ భూమి కింద ఏ లంకెబిందెలున్నా నాకు అగుపిస్తయ్."

తుడిస్తే భార్య గుడ్డిదవుతుంది. తుడవకపోయినా అవుతుంది. ఇన్ని దినాలుగా తన పని చెడగొట్టి, ఇప్పుడు తన ఇంటినే ఆర్పబోతున్న ఆ నీచుణ్ణి చూస్తుంటే వెంకటేశానికి భయం కన్నా కసే ఎక్కువైంది. చెరిపినదాన్ని వెనక్కి తెచ్చాడు. నీడ మళ్ళీ నిలబడింది.

"కంట్లనే ఉంట అంటవా? ఉండు" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

తల్లి నుదుట ఎర్రని బొట్టు పెట్టాడు. అద్దం జోలికి పోలేదు. రెండర్ మీద నొక్కి, ఎదురుగా కూర్చోకుండా పక్కకు జరిగి ఓరగా చూశాడు.

ఫెళ్ళున ఉరిమింది... కరెంటు పోయింది! యూపీఎస్ కాసేపు అరిచి అదీ చచ్చింది. కానీ తెర మాత్రం ఆరలేదు! కిరీటం వెలిగింది... నుదురు... బొట్టు... ఆ ప్రళయభీకర నేత్రాలు ఒక్కసారి కదిలాయి! ఇన్నాళ్ళూ ఎదుటివాళ్ళ చూపు కాజేసిన పెంటయ్యను తొలిసారి ఒక చూపు పట్టుకుంది. వాడు వెనక్కి జరిగాడు. కనుపాపలో వెనక్కి జరగడానికి చోటెక్కడిది? కపాలం జారి పగిలింది. గవ్వలు చిటచిటా పేలాయి. నిలువెల్లా అగ్నిజ్వాలలు... "తల్లీ!" అన్న కేక స్పీకర్లు చీల్చుకుని వచ్చి ఆగిపోయింది. ఇంద్రేశం దిక్కున పిడుగు పడింది.

ఫోనులో సువర్ణ వెక్కుతూ అంది. "ఏమయ్యా... అత్తమ్మ అగుపిస్తుంది. దీపం పట్టుకొని నిలవడ్డది."

వెంకటేశం గోడకున్న అద్దం పీకి, మొహం తిప్పుకుని తెర ముందు ఆనించాడు. అప్పుడు గానీ తెర ఆరలేదు.

ఖాళీ ప్లాట్ల నడుమ పాకలో పెంటయ్య బూడిదైపోయాడని తెల్లారి ఊరంతా చెప్పుకుంది. నరసరాజు మాత్రం బొమ్మను అటూ ఇటూ తిప్పించి చూసి పెదవి విరిచాడు.

"నీడ వోయింది గని, కండ్లు ఉత్తగున్నయి వెంకటేశం. జెర మెరుపు పెట్టు."

వెంకటేశం కెమెరా తీసుకుని ఇంటికెళ్ళాడు. ఈసారి గుమ్మంలో అమ్మ వెలిగించిన దీపాన్ని నిలబెట్టి, దాని మెరుపును ఫోటో తీశాడు. కెమెరా ఎత్తే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.